పని కాడ మిగిలినోళ్ల ముచ్చట

"అక్కా, మేం మేమే కూసుండి దాని గురించి మాట్లాడుకుంటే బుగులు తగ్గుతదా, ఇంకింత ఎక్కువైతదా?"

మక్తల్ దిక్కు నుంచి ఒక చెల్లె అడిగిన మాట ఇది. ఆమె పేరు రాయను, ఊరు రాయను, మిల్లు పేరు అసలే రాయను. పత్తి మిల్లులో కూలికి పోతది. రెండు నెలల కింద ఆమె పక్కన పనిచేసే ఆడమనిషి కొంగు బెల్టులో చిక్కుకున్నది. అటెనుక ఏమైందో చెల్లె చెప్పలేదు, నేనూ అడగలేదు. మనిషైతే దక్కలేదు. రెండు దినాలు మిల్లు బంద్ పెట్టి మూడో నాడు మళ్ల నడిపిచ్చిన్రట. "ఇగ ఆ ముచ్చట పని కాడ తియ్యకుండ్రి, కొత్తగ వచ్చేటోళ్లు భయపడ్తరు" అన్నడట సేటు. అందరు సరే అన్నరు. అప్పటి సంది ఒకరి మొఖం ఒకరు చూసుకుంట పనిచేస్తున్నరు గని, నోరు మాత్రం ఎవ్వరు ఇప్పుతలేరు.

చెల్లె మిల్లుకు పోతనే ఉన్నది. పోకుంటే ఇల్లు గడవదు కద. కానీ ఊర్లె పిండి గిర్నికి పోలేకపోతున్నది. ఒకనాడు జొన్నల సంచి సంకన పెట్టుకొని పోయింది. గిర్నాయన మీట వేసిండు. బెల్టు ఒక్కసారి చటచటా కొట్టుకొని తిరుగుడు షురువైంది. ఆమె చేతుల నుంచి సంచి జారింది, జొన్నలన్నీ గడప ముందట పారబోసినట్టయింది. వాటిని ఎత్తను కూడా ఎత్తకుండ ఇంటికి వచ్చేసింది. ఇప్పుడు పిల్లగానితోని పంపిస్తున్నది. అత్త ఏమో "కోడలికి బద్ధకం ఎక్కువైంది" అంటున్నదట. రొట్టె చేసేటప్పుడు పిండి చెయ్యికి తగిల్తే కూడా కడుపుల తిప్పినట్టయితదని నాకొక్కదానికే చెప్పింది.

చెల్లే, ముందుగాల ఒక్క మాట. నీకు పిచ్చి లేవలేదు, గాలి సోకలేదు. కండ్ల ముందట సావును చూసిన పానం అట్లనే చేస్తది. నిద్రల ఉలిక్కిపడుడు, ఆ సప్పుడు వింటె కాలుసేతులు ఆడకపోవుడు, ఊకూకె అదే యాదికి వచ్చుడు, ఒక్కోసారి ఏమీ అనిపియ్యకుండ మొద్దుబారిపోవుడు, పిల్లల మీద ఊరికెనే కసురుకొనుడు, ఇవన్నీ లోకమంతట డాక్టర్లు చూసినవే, పుస్తకాలల్ల రాసి పెట్టినవే. చానామందికి మొదటి నెలలోపట వాటంతటవే సల్లబడ్తయి. సల్లబడకపోతే ఏం చెయ్యాలె అన్నది ముందట చెప్త.

ఇసొంటి దెబ్బ మన దిక్కు కొత్తది కాదు. మహబూబ్‌నగర్ నుంచి మక్తల్‌కు వచ్చే తొవ్వలనే మరికల్ తగుల్తది కద. ఆ మండలంల తీలేరు అనే ఊరున్నది. 2019 ఏప్రిల్ 10 నాడు ఉపాధి హామీ పనికి పోయిన ఆడోళ్ల మీద మట్టిగడ్డ విరిగిపడ్డది. పది మంది ఒక్క తాననే పోయిన్రు. పదుగురూ ఆడోళ్లే. నారాయణపేట జిల్లా అయ్యి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు. తెల్లారితే పార్లమెంటు ఓట్లు. పొద్దుగాల తట్ట, పార పట్టుకొని పోయిన అమ్మలక్కలు పొద్దుమీకి సాపల మీద వరుసగ పండుకున్నరు.

అప్పుడు పేపర్లల్ల పేర్లు వచ్చినయ్, పరిహారం ముచ్చట వచ్చింది. రావాల్సిందే, అది వాళ్ల హక్కు. నా మనసు మాత్రం ఇంకో దిక్కు పోతది. ఉపాధి పని అంటే ఒక గుంపు కద. అదే గుంపుల ఆ దినం జరం వచ్చి పోనామె ఉంటది. నీళ్లు తాగొస్తనని పక్కకు పోయినామె ఉంటది. మస్టర్‌ల పేర్లు రాసే మేటు ఉంటది. "ఇయ్యాల పనికి రా వదినె" అని ఇంటికి పోయి పిలుచుకొచ్చినామె ఉంటది. ఎక్కడ ఇట్ల జరిగినా ఇసొంటోళ్లు మిగుల్తరు. వాళ్లకు దెబ్బ తగల్లేదు గనక వాళ్లను ఎవ్వరు దెబ్బ తిన్నోళ్లు అనరు. "నీ అదృష్టం బాగుండె" అంటరు. ఆ మాట ఇనుడే వాళ్లకు అన్నిటికంటె కష్టం.

చట్టం కూడా వాళ్లను చూడదు. పనిల ప్రమాదం జరిగితే పరిహారం ఇయ్యాలని 1923ల చేసిన చట్టానికి ఒక పట్టీ ఉండె. బొటనవేలు పోతే సంపాదించే శక్తిల నూటికి 30 పోయినట్టు, చూపుడువేలు మొత్తం పోతే 14 పోయినట్టు, అట్ల వేలు వేలుకు లెక్క కట్టి రాసిన్రు. గిర్ని ముందట జొన్నలు పారబోసుకున్నామెకు ఎంత పోయినట్టు? ఆ పట్టీల దానికి వరుస లేకుండె.

ఇగ నీ ప్రశ్నకు వస్త. కూసుండి మాట్లాడుకుంటె మంచిదా, కాదా? దీని మీద నలభై ఏండ్ల సంది పెద్ద పెద్దోళ్లే కొట్లాడుకున్నరు.

అమెరికాల జెఫ్రీ మిచెల్ అని ఒకాయన ఉన్నడు. మంటలార్పే దళంల, అంబులెన్స్‌ల పనిచేసి అటెనుక సైకాలజీ చదివిండు. కాలిన మనుషులను, నుజ్జునుజ్జయిన పిల్లలను ఎత్తుకొచ్చే తోటోళ్లు లోపల్లోపల ఎట్ల కుమిలిపోతరో చూసినోడు. 1983ల ఒక పద్ధతి రాసిండు. పెద్ద ప్రమాదం జరిగిన కొద్ది దినాలకే, ఆ పనిల ఉన్న అందరిని ఒక తాన కూసోబెట్టి, ఏం చూసినవ్, ఏం అనుకున్నవ్, ఏది అన్నిటికంటె ఘోరమనిపిచ్చింది అని వరుసగ ఒక్కో మెట్టుగ మాట్లాడిచ్చుడు. ఆ పద్ధతి బాగా పాకింది. పోలీసులు, దవాఖానలు, బ్యాంకులు, కంపెనీలు, అందరు పట్టుకున్నరు. ప్రమాదమైన కాడ ఒక్క పూట కౌన్సిలింగ్ పెట్టి, రిజిస్టర్ల సంతకాలు తీసుకుంటె ఇగ తమ పని అయిపోయినట్టే అనుకున్న ఆఫీసులూ తయారైనయ్.

మరి పని చేసిందా? 1997ల బ్రిటన్‌ల ఒక పరిశీలన అచ్చయింది. కాలిన గాయాలతోని దవాఖానల పడ్డ 133 మందిని తీసుకున్నరు. కొంతమందితోని ఆ ఘోరాన్ని పూసగుచ్చినట్టు చెప్పిచ్చిన్రు, కొంతమందిని ఊకెనే వదిలిపెట్టిన్రు. పదమూడు నెలల తర్వాత చూస్తె, చెప్పిచ్చినోళ్లల్ల నూటికి 26 మందికి ఆ బుగులు జబ్బుగ ముదిరింది. వదిలిపెట్టినోళ్లల్ల నూటికి 9 మందికే. చెప్పిచ్చినోళ్లకు మొదట్లనే గాయాలు కొంచెం పెద్దవని ఆ డాక్టర్లే ఒప్పుకున్నరు. పైగా అది గుంపుల చేసింది కాదు. నా పద్ధతి ఒకే పని చేసే గుంపులకోసం పెట్టింది, మంచాన పడ్డ రోగుల కోసం కాదు అని మిచెల్ దిక్కోళ్లు వాదిచ్చిన్రు. ఆ మాటల న్యాయం లేకపోలేదు. అయినా ఇంకా ఎన్నో పరిశీలనలు కలిపి చూసి, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఖరాఖండిగ చెప్పింది: ఘోరం చూసిన కొత్తల మనుషులను కూసోబెట్టి జరిగిందంతా తవ్వి చెప్పిచ్చుడు పద్ధతి వాడొద్దు.

అంటే నోరు మూసుకోవాలెనా? మీ సేటు చెప్పిందే సరైనదా? కానే కాదు. తవ్వి అడుగుడు వేరు, పక్కన కూసునుడు వేరు. అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011ల ఒక చిన్న పుస్తకం తెచ్చింది, మనసుకు ప్రథమ చికిత్స ఎట్ల చెయ్యాలె అని. అండ్ల ఉన్నదేందంటె: చూడాలె, వినాలె, సాయం దొరికే కాడికి తోలుకపోవాలె. చెప్తె వినాలె, చెప్పకుంటె ఊకోవాలె. అన్నం తిన్నదా, పిల్లలు యాడున్నరు, రాత్రికి తోడు ఎవరుంటరు, ఇవి అరుసుకోవాలె. మన నాయనమ్మలకు ఇది ఎవరన్న నేర్పిన్రా? పీనుగు లేచిన ఇంటికి బువ్వ వండుకపోయి, సడి చేయకుండ గిన్నె పెట్టి, పక్కన కూసుండి వీపు నిమిరేటోళ్లు కద. మన దిక్కు పరామర్శకు వచ్చినోళ్లల్ల రెండు రకాలుంటరు. ఆ నిమిరేటోళ్లు ఒక రకం. "ఎట్ల జరిగిందే, తల పగిలిందా, ఎంత నెత్తురు పోయింది" అని గుచ్చి గుచ్చి అడిగేటోళ్లు ఇంకో రకం. సైంటిస్టులు నలభై ఏండ్లు తిప్పలబడి చెప్పింది కూడా గదే, రెండో రకం మనిషిని ఇంట్లకు రానియ్యకుండ్రి అని!

అందుకే చెల్లే, కూసోండ్రి. తప్పకుండ కూసోండ్రి. ఎట్ల కూసోవాలెనో చెప్త.

మీరు ఆ దినం ఆ షిఫ్టుల ఉన్నోళ్లే కూసోండ్రి. సేటు వద్దు, మేస్త్రీ వద్దు, సూపర్‌వైజర్ వద్దు. వాళ్లుంటె కూలి పోతదన్న భయానికి నిజం మాట రాదు. మిల్లుల వద్దు, ఎవరన్న ఒకరి అరుగు మీదనో, పొదుపు సంఘం మీటింగ్ అయినంక అదే సాప మీదనో. మొదలు ఏం జరిగిందో తెలిసినంత వరకు ఒక్కసారి సాఫ్‌గ చెప్పుకోండ్రి, ఎందుకంటె చెప్పుకోకపోతే పుకార్లు లేస్తయి. ఆమెకు ఇంట్ల లొల్లి ఉండె, కావాలని చేసుకున్నది అని ఒకరు, మిల్లుల దయ్యమున్నది అని ఒకరు. అవి చచ్చిపోయినామె పరువునూ తీస్తయి, బతికినోళ్ల నిద్రనూ తీస్తయి. నెత్తురు ముచ్చట, మాంసం ముచ్చట అక్కడ అక్కర్లేదు. "నిద్ర ఎట్ల పడ్తున్నది, తింటున్నవా, ఏ సప్పుడుకు భయమైతున్నది" ఇవి అడగండ్రి. నువ్వు గిర్ని ముచ్చట చెప్తివనుకో, ఇంకొకామె "నాకు కుట్టుమిషన్ చక్రం చూస్తెనే అట్లయితది" అనొచ్చు. అప్పుడు నీ గుండె మీది బరువు సగం దిగుతది. మాట్లాడనామెను బలవంతపెట్టకుండ్రి. చాయ్ తాగి పోయినా సరే, వచ్చింది కద. ఒక్కసారి కూసుండి దులుపుకొని పోవుడు కాదు, నెల నెలా కూసోండ్రి.

తప్పు నెత్తికెత్తుకున్నామెను మాత్రం ప్రత్యేకంగ చూసుకోండ్రి. "ఆ దినం నేను ఆడ నిలబడాల్సింది, ఆమెను నిలబెట్టిన" అనుకునేటామె ఒకరు ప్రతి గుంపుల ఉంటది. ఆమెకు "అట్లనుకోకు" అంటె సరిపోదు. బెల్టుకు కంచె లేకపోవుడు వల్ల అయిందని, ఆమె వల్ల కాదని, నలుగురు ఒక్క గొంతుతోని చెప్పాలె. ఒంటరిగ డాక్టర్ చెప్పినా ఎక్కని ఆ మాట, ఆ దినం అక్కడున్నోళ్లు చెప్తె ఎక్కుతది. గుంపు కూసునేదానికి నా లెక్కల అన్నిటికంటె పెద్ద లాభం ఇదే.

గుంపే మనిషిని నిలబెడ్తదన్నదానికి ఈ మధ్యనే ఒక సాక్ష్యం చూసినం. 2023 నవంబర్‌ల ఉత్తరాఖండ్‌ల సిల్క్యారా సొరంగం కూలి 41 మంది కూలీలు 17 దినాలు లోపలనే ఉన్నరు కద. బయట మానసిక వైద్యులు ఉండి పైపు నుంచి మాట్లాడిన్రు. లోపల వాళ్లల్ల పెద్దతనం ఉన్నోళ్లు మిగతా పిల్లలతోని నడిపిచ్చిన్రు, యోగా చేపిచ్చిన్రు, ఆటలాడిచ్చిన్రు. అందరు బయటికొచ్చిన్రు. మన ఉమ్మడి పాలమూరుల అంత అదృష్టం పట్టలేదు. 2025 ఫిబ్రవరి 22 నాడు దోమలపెంట కాడ ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుంటె, నెల రోజులకు పైగ తవ్వినా దొరికింది ఇద్దరి పీనుగులే. అంతకు ముందు 2020 ఆగస్టుల శ్రీశైలం ఎడమగట్టు కరెంటు కేంద్రంల మంటలు లేచి తొమ్మిది మంది పోయిన్రు. ఆ సొరంగాల నుంచి పరుగెత్తి బయటపడ్డోళ్లు ఉన్నరు. బురదల దిగి వెతికిన సింగరేణి కార్మికులు, ఎన్‌డీఆర్‌ఎఫ్ జవాన్లు ఉన్నరు. వాళ్లందరికి కూడా ఒక సాప, నలుగురు తోటోళ్లు కావాలె.

డాక్టర్లు తక్కువ కద అక్కా అంటవేమో. 1984ల భోపాల్ గ్యాస్ లీకైనప్పుడు కూడా తక్కువే. బెంగళూరు నిమ్హాన్స్ నుంచి శ్రీనివాసమూర్తి అనే మానసిక వైద్యుడు, ఇంకా కొంతమంది పోయి, అక్కడి మామూలు డాక్టర్లకే ఈ బుగులును గుర్తుపట్టుడు, వినుడు నేర్పిన్రు. మన కాడ ఆశా వర్కర్లున్నరు, ఏఎన్ఎంలున్నరు. 2000ల పొదుపు సంఘాల వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాలల్ల పాలమూరు ఒకటి. కూసుండి లెక్క చెప్పుకునుడు, ఒకరి అప్పు ఒకరు మోసుడు మన ఆడోళ్లకు అప్పటి సంది అలవాటే. ఆ సంఘం లీడర్లకు రెండు దినాల శిక్షణ ఇచ్చుడు సర్కారుకు పెద్ద ఖర్చు కాదు. గట్టు కూలినప్పుడు పీహెచ్‌సీ డాక్టర్ కంటె ముందుగాల ఉరికొచ్చేది వాళ్లే.

ఇగ చేయకూడని పని ఒకటున్నది, దాని మీద కొంచెం గట్టిగనే చెప్తున్న. నిద్ర పడ్తలేదంటె ఆర్‌ఎంపీ కాడికి పోయి గోలీలు తెచ్చుకునుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013ల తెచ్చిన పుస్తకంల చెప్పింది, ఘోరం చూసిన మొదటి నెలల ఆ మత్తు నిద్ర గోలీల రకం ఇయ్యొద్దని. మనకైతే గోలీ కూడా అక్కర్లేదు, కల్లు దుకాణంల సీసాలనే వస్తది. అల్ప్రాజోలం కలిపిన కల్తీ కల్లు మన జిల్లాల ఎంత మందిని తినేసిందో ఎవరికి ఎరుక లేదు? రెండు సీసాలు తాగితే ఆ రాత్రి గడుస్తది. నెల తిరిగేసరికి నాలుగు సీసాలు కావాలె. ఒక్కనాడు దొరకకపోతే చేతులు వణికి, ఫిట్స్ వచ్చి, మనిషి వింత వింతగ మాట్లాడి దవాఖానల పడ్తడు. మొగోళ్లు దీని పాలే ఎక్కువ పడ్తరు. వలస పోయిన కాడ, పూణెల పరంజి మీద నుంచి తోటోడు పడి చచ్చిపోతే, గుంపు మేస్త్రీ శవాన్ని బండి ఎక్కిచ్చి ఊరికి పంపుతడు, మిగిలినోళ్లు పొద్దుగాలే మళ్ల అదే పరంజి ఎక్కుతరు. అడ్వాన్స్ తీరలేదు కద. వాళ్లు ఇంటికొచ్చినంక ఎందుకు ఊకూకె కొడ్తున్నరో, ఎందుకు తాగుతున్నరో అని తిట్టుకునే మన అక్కలు, ఒక్కసారి "ఆడ ఏమన్న చూసినవా" అని అడగండ్రి. కొట్టుడు తప్పే, దానికి మాఫీ లేదు. కానీ ఆ ప్రశ్న అడగాల్సిందే.

చెల్లే, నీకు రెండు నెలలైంది. నెల దాటినా సప్పుడు వింటె కాళ్లు ఆగిపోతున్నయంటె సాప మీది ముచ్చట ఒక్కటే సాలదు, డాక్టర్ కాడికి పోవాలె. మహబూబ్‌నగర్ సర్కారు మెడికల్ కాలేజీ దవాఖానల మానసిక వైద్యులు ఉంటరు. భయపడే దానికి కొంచెం కొంచెంగ దగ్గరికి తోలుకపోయి ఆ బుగులును ఇడిపిచ్చే వైద్యం ఉన్నది, దాని మీద మంచి ఫలితాలు కూడా ఉన్నయ్. మీ అత్తను కూడా ఎంట తీసుకపో. డాక్టర్ నోటి నుంచి ఇంటె బద్ధకం మాట ఇడుస్తది. ఎవరన్న "బతికి ఏం లాభం" అంటున్నరంటె నెల దాకా ఆగకుండ్రి, ఆ దినమే తీసుకపోండ్రి, ఒంటరిగ ఇడిచిపెట్టకుండ్రి.

ఇంకొక్కటి. మనసు బాగుచేసుకునుడు మన పని, సరే. బెల్టుకు జాలీ కట్టుడు సేటు పని. తిరిగే యంత్రానికి కంచె ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలనే రాసిన్రు. ఉపాధి పని కాడ నీడ, తాగేనీళ్లు, ప్రథమ చికిత్స డబ్బా ఉండాలని 2005 చట్టంల రాసిన్రు. జాలీ కట్టకుండ కౌన్సిలింగ్ మేడమ్‌ను పిలిపిస్తనంటె చెప్పండ్రి: ముందు జాలీ, అటెనుక మేడమ్. మీరు కూసున్న సాప మీద నుంచే ఆ అర్జీ కూడా లేవాలె. పది మంది సంతకం, ఏలిముద్ర అయినా సరే, కలెక్టర్ ప్రజావాణిల పెట్టండ్రి.

మేస్త్రీలకు, గ్రామ సంఘం (వీవో) లీడర్లకు నా విన్నపం. గుంపును బాంబేకు తోలుకపొయ్యే ముందట, మిల్లుల పనికి పెట్టే ముందట, అందరి ఫోన్లల్ల ఒక నంబర్ ఎక్కిచ్చుండ్రి. టెలీ మానస్, 14416. సర్కారుది, 2022 అక్టోబర్ సంది నడుస్తున్నది. పైసలు అడగరు, తెలుగుల మాట్లాడ్తరు, రాత్రి రెండు గంటలకు చేసినా పనిచేస్తది.